బ్రేకమ్మ చేతులు

డ్రైవింగ్ స్కూలు కారుకి రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్కసీట్లో కూర్చుని నేర్పేవాళ్ళ కాలి కింద. ఆ రెండో బ్రేకు మీద కాలు వేసుకుని ఇన్నేళ్ళ ఉద్యోగం లాక్కొచ్చింది కాబట్టి ఆమెకు బ్రేకమ్మ అని పేరు పడింది. మొదట్లో నేర్చుకునేవాళ్ళు చాటుగా అనేవారు, తర్వాత స్కూలు యజమాని మొహం మీదే అన్నాడు, చివరికి మొగుడు కూడా మొదలెట్టాడు. ఆమె ఏమీ అనుకోలేదు. ఎదురుగా లారీ కనిపిస్తే కళ్ళు మూసుకుని స్టీరింగు వదిలేసే మహానుభావుల పక్కన కూర్చునే మనిషికి పేర్ల మీద పట్టింపేముంటుంది?

అంతటి మనిషి ఓడిపోయింది తన చర్మం దగ్గరే. ఎగ్జిమా. పేరు వింటే ఎవరో దొరసాని పేరులా ఉంటుంది గానీ పట్టిందంటే వదిలే రకం కాదు. వేళ్ళ సందుల్లో, అరచేతుల అంచుల్లో, మోచేతుల దగ్గర ఎర్రబడి, పొట్టు రాలి, చలికాలం వస్తే పగిలి నెత్తురొచ్చేది. దురద సంగతి చెప్పనే అక్కర్లేదు. పాఠం చెబుతున్నంతసేపూ రెండు చేతులూ తొడల కింద నొక్కిపెట్టుకుని కూర్చునేది. ఒకసారి గేరు ఎలా మార్చాలో పట్టుకుని చూపిస్తే, ఆ కుర్రాడు జేబురుమాలు తీసి గేరు కర్ర తుడిచాడు.

"ఇది అంటుకునే జబ్బు కాదు బాబూ" అందామె.

"అయ్యో, తెలుసండీ, ఊరికే" అని ఇంకోసారి తుడిచాడు.

ఇక చిట్కాలు చెప్పేవాళ్ళకి లోటు లేదు. వంకాయ మానెయ్యమని ఒకరు, వేపాకు నూరి పుయ్యమని ఒకరు, మనసు ప్రశాంతంగా ఉంచుకోమని ఇంకొకరు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, మా ఇంట్లో కందకీ దురదే, వీధిలో కత్తిపీటలన్నిటికీ దురదే" అనేది ఆమె. ప్రశాంతంగా ఉండమన్నవాళ్ళ మీద మాత్రం నిజంగానే ఒళ్ళు మండేది. ఒళ్ళంతా దురదెత్తుతుంటే ప్రశాంతత ఎక్కడినుంచి తెస్తుంది, అరువు తెస్తుందా?

ఆమెకి అసలు భయం తన చేతుల గురించి కాదు, కూతురి గురించి. ఇది అంటుకోదని ఎందరు డాక్టర్లు చెప్పినా బుర్ర నమ్మింది గానీ చేతులు నమ్మలేదు. పసిపిల్లకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని స్నానం చేయించింది. కాస్త పెద్దయ్యాక ఆ పని కూడా మొగుడికి అప్పజెప్పింది. ఆయన ఫ్రిజ్జులు బాగుచేసే మెకానిక్కు. జడలు కూడా ఆయనే వేసేవాడు, రాగిగొట్టం మెలిపెట్టినంత బిగువుగా. పిల్ల కళ్ళు పైకి లాగేసుకుని బడికి పోయేది. తల్లి దూరంగా నిలబడి "కొంచెం వదులుగా వెయ్యండి" అనడమే గానీ దగ్గరికి వెళ్ళేది కాదు.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా ఏం లాభం? పిల్లకి పన్నెండో ఏట మెడ వెనక ఎర్రటి మచ్చ వచ్చింది. తర్వాత మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక. ఇప్పుడు పదహారు. వాలీబాల్ ఆడడం మానేసింది, ఎండాకాలంలో కూడా మెడకి రుమాలు చుట్టుకునే తిరిగేది. "నాన్నా, ఇది నాకెందుకొచ్చింది?" అని తండ్రిని అడిగిందట. తల్లిని అడగలేదు. బ్రేకమ్మ వంటింట్లోంచి విన్నది. ఎప్పుడో ఎక్కడో తన చెయ్యే తగిలుంటుందని ఖాయం చేసుకుంది.

అలాంటి రోజుల్లో పెద్దాసుపత్రి చర్మం విభాగంలో కొత్త మందు పరీక్షిస్తున్నారని, ఎగ్జిమా ఉన్నవాళ్ళు పేరు ఇవ్వచ్చని తెలిసింది. ఆమె తనకోసం వెళ్ళలేదు. పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళి, "దీన్ని చేర్చుకోండి మేడమ్" అంది.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. "పద్దెనిమిది నిండాలమ్మా. ముందు పెద్దవాళ్ళ మీద చూసి, ప్రమాదం లేదంటేనే పిల్లల దాకా వెళ్తాం. కావాలంటే మీరు చేరండి" అంది. తర్వాత విడమరిచి చెప్పింది. కొందరికి మందు కలిపిన క్రీము ఇస్తారు, కొందరికి మందు లేని ఉత్త క్రీము. పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

"నాకేది ఇస్తారు?"

"మీకూ తెలీదు, నాకూ తెలీదు."

"మీక్కూడా తెలీకపోతే ఇంకెవరికి తెలుసండీ?"

"కంప్యూటరుకి" అని నవ్వింది డాక్టరమ్మ.

పొద్దునా సాయంత్రం తప్పకుండా రాసుకోవాలి, వేరే మందు ముట్టుకోకూడదు, వాడేసిన ట్యూబులు తిరిగి తెచ్చివ్వాలి, తూకం వేసి చూస్తారు, ఇంకెవరికీ ఇవ్వకూడదు. అన్నిటికీ బుద్ధిగా తలూపి సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు మనసులో ఏ దొంగబుద్ధీ లేదు, ఆ మాట చెప్పుకోవాలి.

దొంగబుద్ధి ఇంటికొచ్చాక పుట్టింది. కొత్త ట్యూబు మూత తీసి చేతిలో పట్టుకుంది. ఎదురుగా పిల్ల పుస్తకం ముందేసుకుని ఎడంచేత్తో మెడ గోక్కుంటోంది, గోళ్ళకి నెత్తురంటుతున్నా దానికి తెలియడం లేదు. 'నాకు సగం అవకాశమైనా ఉంది. దీనికి అదీ లేదు. నా చేతులు ఎలా ఉంటే ఎవడికి నష్టం? నాకేం పెళ్ళి కావాలా?' అనుకుంది. ఆ సగం అవకాశాన్ని తల్లి పిల్లకి ఇచ్చేసింది. తప్పని తెలుసు. తెలిసే చేసింది.

కానీ ట్యూబు పిల్ల చేతికిస్తే దానిమీద 'పరిశోధన కోసం మాత్రమే' అని ఉన్నది చదివేస్తుంది. అందుకని తనే రాయాల్సి వచ్చింది. "నువ్వు బయటికెళ్ళాక డాక్టరమ్మ నీకూ వేరే క్రీము ఇచ్చింది. అటు తిరుగు" అని, పిల్ల వీపు తిప్పాక అరచేతిలోకి పిండుకుని మెడ మీద పెట్టింది. పిల్ల ఉలిక్కిపడింది.

"ఏమే, మండుతోందా?"

"లేదు."

"మరెందుకలా బిగుసుకున్నావ్?"

"ఏం లేదమ్మా, రాయి."

అప్పట్నుంచి పొద్దున బడికి వెళ్ళేముందు, సాయంత్రం వచ్చాక ఇదే పని. మెడ, మోచేతులు, మోకాళ్ళ వెనక, ఒక్క పూట కూడా తప్పలేదు. తన చేతులకి మాత్రం ఏమీ రాసుకునేది కాదు. వేరే మందు ముట్టుకోనని మాటిచ్చింది కదా, ఆ ఒక్కటైనా నిలబెట్టుకుందామని. పాత మందులు మానేసేసరికి చేతులు దారుణంగా తయారయ్యాయి. గోరుచుట్టు మీద రోకలిపోటులా వేసవి వచ్చిపడింది, కారులో చెమటకి పగుళ్ళు భగ్గుమనేవి. అయినా లోపల సంబరంగానే ఉండేది, ఎందుకంటే పిల్లకి తగ్గుతోంది. మెడ మీద ఎరుపు వెలిసిపోయింది. మోచేతి మడతలు మెత్తబడ్డాయి. ఒకరోజు రుమాలు తీసి గూట్లో పడేసి వాలీబాల్ ఆటకి పరిగెత్తింది. రాయించుకునేటప్పుడు కబుర్లు కూడా మొదలుపెట్టింది, ఏ టీచరు ఎలా నడుస్తుందో, ఎవరు ఎవరికి చీటీ ఇచ్చారో. పదహారేళ్ళలో అది తల్లితో చెప్పని మాటలన్నీ ఆ కొద్దిసేపట్లోనే చెప్పేది. మందు పనిచేస్తోందని బ్రేకమ్మ పొంగిపోయింది.

చిక్కు ఆసుపత్రిలో వచ్చింది. డాక్టరమ్మ ఆమె చేతులు తిప్పి తిప్పి చూసి పెదవి విరిచింది. "ట్యూబులన్నీ ఖాళీ చేశారు. శ్రద్ధగా వాడినట్టే ఉంది. కానీ తగ్గకపోగా పెరిగింది. మీకొచ్చింది మందో కాదో నాకు తెలీదు గానీ, మందే అయితే మాత్రం, పనిచెయ్యలేదని లెక్కలోకి వెళ్తుంది. ఇలాంటివి ఇంకొన్ని వస్తే ఈ మందు ఇక బజారు మొహం చూడదు."

బ్రేకమ్మకి ఈ సంగతి ఇంతవరకు తట్టనే లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ట్యూబులు ఆగిపోతాయి, పిల్ల కథ మళ్ళీ మొదటికొస్తుంది. చెప్పకపోతే, పిల్లని బాగుచేసిన మందు మీద ఈ చేతులే దొంగసాక్ష్యం చెబుతాయి. పరీక్ష ముగిశాక ఆ మందు ఎక్కడా దొరకదు, అప్పుడు పిల్లకి ఏం రాస్తుంది? "సరే మేడమ్" అని కొత్త ట్యూబులు సంచిలో వేసుకుని వచ్చేసింది.

ఆ రోజంతా కాలుకాలిన పిల్లిలా తిరిగింది. మొగుడికి చెబితే ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి, "చేసేటప్పుడు నన్నడిగావా? ఇప్పుడు మాత్రం నన్నెందుకు అడుగుతావ్?" అన్నాడు. మళ్ళీ స్క్రూడ్రైవరు అందుకుంటూ, "చెప్పెయ్" అన్నాడు. ఆమె మొగుడి మీద గయ్యిమని లేచింది, ఆయన తప్పేమీ లేకపోయినా.

మర్నాడు పాఠానికి ఒక రిటైరైన టీచరమ్మ వచ్చింది. ముసలావిడ, భయస్తురాలు, కారు నత్తలా నడుపుతుంది. బ్రేకమ్మ ధ్యాస ఎక్కడో ఉంది. సిగ్నలు ఎర్రబడింది. కారు పోతూనే ఉంది. రెండో బ్రేకు మీద కాలు కదల్లేదు. కీచుమని ఆగింది కారు, ముందున్న ఆటోకి జానెడు దూరంలో. ఆపింది టీచరమ్మ.

"ఏంటమ్మా, ఇవాళ నేను నీకు నేర్పుతున్నానా?" అందావిడ.

బ్రేకమ్మ చేతులు చూసుకుంది, తొడల కింద నుంచి ఎప్పుడు తీసిందో, గోకి గోకి రక్తం చేసుకుంది. "ఈ దాపరికం ఇంక నావల్ల కాదండీ. ఆసుపత్రికి పోనివ్వండి" అంది. టీచరమ్మ ఆ రోజు జీవితంలో మొదటిసారి నత్తనడక మాని కారు నడిపింది.

విన్న డాక్టరమ్మకి నెమ్మది ఎక్కడికి పోయిందో! "చిన్నపిల్లకి పూస్తారా? దానికేమైనా అయ్యుంటే? నేనిక్కడ మీకు అన్ని విషయాలు చెప్పింది గాలికా?" అని అరిచింది. బ్రేకమ్మ తన పక్కసీట్లో తప్పు చేసినవాళ్ళని తనూ ఇలాగే తిడుతుంది. పరీక్షలోంచి ఆమెను తీసేశారు, ఆమె చేతుల లెక్క కొట్టేశారు. పిల్లని వెంటనే తీసుకురమ్మన్నారు. పిల్ల ఒంట్లోకి ఏం వెళ్ళిందో తెలియాలి కాబట్టి ఆ ట్యూబుల్లో ఉన్నదేమిటో కంప్యూటరులో తెరిచి చూస్తామన్నారు.

పిల్లని తీసుకొచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి అంతా చెప్పింది. ఇచ్చింది తనకని, పూసింది దానికని, ఇకపై ఉండదని. పిల్ల వింటూ కూర్చుంది. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది తల్లికి. లేచి కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుని, మళ్ళీ లేచింది.

డాక్టరమ్మ బయటికొచ్చి పిల్ల మెడ, మోచేతులు చూసింది. మొహంలో కోపం తగ్గింది.

"అందులో మందు లేదమ్మా. మీకొచ్చింది ఉత్త క్రీము" అంది.

"అదెలా కుదురుతుంది? పిల్లకి తగ్గింది కదా! మీరే చూడండి!"

"చూశాను. పొడి చర్మానికి ఉత్త క్రీమైనా పూట తప్పకుండా మర్దనా చేస్తే మెత్తబడుతుంది. దురద తగ్గితే గోకుడు తగ్గుతుంది, గోకుడు తగ్గితే పుండు మానుతుంది. అందరికీ ఇంత తగ్గదు. ఎవరు రాసేవారు?"

"నేనే."

"అలాంటి క్రీము ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. మానకుండా రాయండి. మీరూ రాసుకోండి, ఆ చేతులేంటి అలా!" అని డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

బ్రేకమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్ళు దొంగతనంగా మోసింది, భయపడి చచ్చింది, పరువు పోగొట్టుకుంది, దేనికోసం? ఉత్త క్రీముకోసం! తన మీద తనకే ఒళ్ళు మండింది. "చూశావుటే మీ అమ్మ తెలివి" అని పిల్ల వైపు తిరిగింది. పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

"ఏడుస్తావెందుకే? మంచి మాటే కదా చెప్పింది. షాపులో కొనిస్తా, నువ్వే రాసుకోవచ్చు. ఇక నాతో పనే లేదు."

"అందుకే" అంది పిల్ల.

తల్లికి అర్థం కాలేదు.

"నేనే రాసుకోవచ్చు కదా, ఇంక నువ్వు ముట్టుకోవు" అంది పిల్ల.

బ్రేకమ్మ పక్కన కూర్చుని, ఏ క్రీమూ లేని పగిలిన చెయ్యి పిల్ల మెడ మీద వేసింది.

"గరుకుగా ఉంటుందే, గుచ్చుకుంటుంది."

"గుచ్చుకోనీ" అంది పిల్ల, అటు తిరక్కుండానే.