టీవీ లేని సందులు

1990 ఆగస్టు 2, గురువారం, ఉదయం ఏడున్నర. ఇటలీలో ఫోంతెవెక్యా అనే కొండ ఊళ్ళో, మేం దిగిన చిన్న హోటల్లో, భోజనాల గది టీవీలో కువైట్ పటం కనిపించింది. దాని మీద ఉత్తరం నుంచి కిందికి బాణాలు గీసి ఉన్నాయి. రాత్రి ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిందనీ, ఫోన్లు పనిచేయడం లేదనీ హోటలు యజమానురాలు తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పింది.

కువైట్ ప్రభుత్వాసుపత్రిలో పదకొండేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాక, నేను ఆ నగరం శివారు సల్వాలో ఒక ఇంటికి ప్రైవేటు నర్సుగా వెళ్లాను. రోగి ఉమ్మ్ ఖాలిద్, అంటే ఖాలిద్ తల్లి. అక్కడ తల్లిని పెద్ద కొడుకు పేరుతోనే పిలుస్తారు. వయసు అరవై ఎనిమిది. మోకాళ్ల నొప్పులు, రక్తపోటు. జూన్‌లో కొద్దిపాటి పక్షవాతం వచ్చి తగ్గింది. ఫోంతెవెక్యాలోని వేడినీటి బుగ్గలు మోకాళ్లకు మంచివని ఖాలిద్ మమ్మల్ని అక్కడ దింపి, నాలుగు రోజుల కిందటే సల్వాకు, భార్యాపిల్లల దగ్గరికి తిరిగి వెళ్లాడు. నా భర్త కువైట్‌లోనే, ఫింటాస్‌లో మా ఫ్లాటులో ఉన్నారు.

ముందు రాత్రి ఉమ్మ్ ఖాలిద్ రక్తపోటు 190/110. ఆందోళన కలిగించే మాట ఆమె చెవిన పడకూడదని డాక్టరు రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చి ఉన్నాడు. దాన్ని మార్చే అధికారం నర్సుకు ఉండదు. డాక్టరు పక్క పట్నం నుంచి సాయంత్రం ఆరింటికి గాని రాడు. అంతదాకా వార్త దాచాలని నిశ్చయించుకున్నాను.

మాతో వచ్చిన ఖాదర్‌బీది రాయచోటి. ఆ ఇంట్లో పదేళ్లుగా పనిమనిషి. అక్కడి పనివాళ్లందరిలాగే యజమానురాలిని 'మామా' అని, అంటే అమ్మా అని, పిలిచేది. వరండాలో ఉమ్మ్ ఖాలిద్ టీ తాగుతుంటే, పక్కనే నిలబడి మేమిద్దరం తెలుగులో మాట్లాడుకున్నాం. ఆ ఇంట్లో మాకది అలవాటే.

"ఆడ యుద్ధం వచ్చిందని, కొడుకు ఆడనే ఉండాడని మామాకు తెలిస్తే ఈడనే పడిపోతాది సిస్టరక్కా."

"తెలియనివ్వద్దు. సాయంత్రం దాకా టీవీ లేని చోటల్లా తిప్పుదాం."

"మరి మీ ఆయన కతేమి?"

"ఆయన మాట ఇప్పుడు ఎత్తకు. ఎత్తితే నేను పని చేయలేను."

అలా ఆ ఊరు చూశాం. కార్లు పట్టే వీధి ఒక్కటే. మిగిలినవన్నీ రాళ్లు పరిచిన సందులు. ఖాదర్‌బీ ముందు నడిచి, టీవీ ఉన్న కాఫీ దుకాణం కనిపిస్తే కొంగు సర్దుకునేది. ఆ సైగ చూసి నేను దారి మళ్లించేదాన్ని. బుగ్గ నీరు పారే రాతి తొట్టి దగ్గర ఆడవాళ్లు దుప్పట్లు ఉతుకుతున్నారు. ఉమ్మ్ ఖాలిద్ ఆ నీళ్లలో చేతులు ముంచి కాసేపు కూర్చుంది. ఒక ముసలాయన గుమ్మంలో తుంగతో కుర్చీ అల్లుతున్నాడు. మా కోనసీమలో చాపలల్లే తుంగ లాంటిదే. ఇంకొక ఇంటావిడ గోడ మీదుగా అంజూర పళ్లు అందించింది.

సల్వాలో స్నానాలగది దాకా నడవడానికే మొండికేసే మనిషి, ఆ రోజు కూర్చుంటూ లేస్తూ కొండ కొమ్మున ఉన్న పాత కోట దాకా ఎక్కింది. "ఈ ముసలి ఒంటె ఈ పొద్దు ఆగేట్టు లేదే" అని ఖాదర్‌బీ ఆయాసపడింది. దిగేటప్పుడు ఒక మలుపులో కొంగు సైగ నేను గమనించలేదు. ఉమ్మ్ ఖాలిదే నా చెయ్యి లాగి, అటు ఎండగా ఉంది, ఈ సందులో పోదాం అంది. రోగి సహకరిస్తోంది అనుకున్నాను.

డాక్టరు రావడానికి ముందు, సాయంత్రం అయిదున్నరకు రక్తపోటు చూశాను. 150/90. నెల రోజుల్లో అదే తక్కువ. చేతి పట్టీ విప్పుతూ, చెప్పబోయే మాటలు అరబీలో కూర్చుకుంటున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. తర్వాత తెలుగులో, అచ్చం రాయచోటి యాసలో అంది:

"ఖాలిద్ సంగతి పొద్దున్నే ఇన్నా. నేను ఒక కాడ కూచుంటే నువ్వు గూడా కూచోని నీ మొగున్ని తలుచుకుంటావని నడిచినా. ఆ పట్టీ నీ చేతికి కట్టు."

ఖాదర్‌బీ నేల మీద చతికిలబడింది. ఉమ్మ్ ఖాలిద్ ఆమె వైపు తిరిగింది.

"ఏమే, ఒంటె బాగానే నడిచింది గదా? పదేండ్లు నా చెవి కాడ తిడతాంటివి. నేర్చుకోకుండా ఎట్లుంటా?"

"యా అల్లా, అన్నీ ఇన్నావా మామా?"

"అన్నీ."

పట్టీ నా చేతికి కట్టుకున్నాను. 170/100. ఆరింటికి వచ్చిన డాక్టరు మాత్ర ముందు నాకే ఇచ్చాడు.

ఖాలిద్ భార్యాపిల్లలతో ఎడారి దారిన సౌదీ చేరి, రెండో వారంలో హోటలుకు ఫోన్ చేశాడు. నా భర్త అమ్మాన్ మీదుగా అక్టోబరులో బొంబాయిలో దిగారు. అంతదాకా ఉమ్మ్ ఖాలిద్ నన్ను రోజూ ఆ కోట దాకా నడిపించింది.

ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. కొత్త నర్సులకు రెండు విషయాలు చెప్పేదాన్ని. రోగి పక్కన ఏ భాషలోనూ గుసగుసలాడకూడదు. రోగి కూడా నర్సును కనిపెట్టి ఉంటుంది.

ఫింటాస్ ఫ్లాటులో మాకు పోయినవి: కుట్టుమిషను, ఫ్రిజ్, టీవీ, రెండు ఇనప మంచాలు, నా నర్సింగు సర్టిఫికెట్ల అసలు ప్రతులు మూడు, పెళ్లి ఫొటోలు మొత్తం. మనుషులు ఎవరూ పోలేదు.