యాయాను నేను క్షమించిన ఆదివారం

ఒక పెద్దావిడ నన్ను క్షమాపణ అడిగింది. నేను క్షమించాను. ఎనిమిదేళ్ళుగా మోస్తున్న బరువు అదే. మీకు వింతగా ఉండవచ్చు, క్షమించడం తప్పెలా అవుతుందని. చెబుతాను. ఇంతవరకు నా భర్తకు కూడా చెప్పలేదు.

డార్మ్‌స్టాట్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు, ఆమె అద్దెకుంటున్న ఇంట్లో ఒక గది నేను తీసుకున్నాను. అంతకుముందు ఆరు వారాలు గది దొరక్క స్నేహితురాళ్ళ దగ్గర నేలమీద పడుకున్నాను. ఆమె గ్రీకు మనిషి. పంతొమ్మిదేళ్ళ వయసులో ఫ్యాక్టరీ పనికి జర్మనీ వచ్చి, ఇక్కడే పెళ్ళాడి, ముగ్గురు పిల్లల్ని పెంచి, భర్తను ఇక్కడి మట్టిలోనే పెట్టింది. మనవలు ఆమెను యాయా అనేవారు, అంటే అమ్మమ్మ. నేనూ అలాగే పిలిచేదాన్ని.

శనివారాలు చర్చికి ఇచ్చే రొట్టె కాల్చేది. పిండి పిసుకుతున్నంతసేపూ పెదవులు కదులుతుండేవి. తనవాళ్ళ పేర్లు, బతికున్నవాళ్ళవి ఒక కాగితం మీద, పోయినవాళ్ళవి ఇంకో కాగితం మీద రాసి చర్చిలో చదివించేది. వాళ్ళ మతంవాళ్ళు కాని మా అమ్మానాన్నల పేర్లు అక్కడ చదవరు గనుక, వంటింట్లో మరియమ్మ పటం ముందు నూనె దీపం వెలిగించి తానే చదివేది. వెంకటేశ్వర్లు అనడం రాక మా నాన్నను ‘వెంకో’ చేసేసింది. ఆ పిలుపు ఇంకొక్కసారి వినాలని ఉంది. ఎంతగా ఉందో చెప్పలేను.

ఒక సాయంత్రం ఆమె దీపం వెలిగించి చర్చికి వెళ్ళింది. నేను తాలింపు కోసం కడాయిలో నూనె పోసి పొయ్యి మీద పెట్టాను. అంతలో అమ్మ ఫోన్ చేసింది.

“ఏం వండుతున్నవ్ బిడ్డా?”

మాట్లాడుతూ నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పొగ వాసన తగిలి పరుగెత్తుకొచ్చేసరికి కడాయి మండుతోంది, కిటికీ తెర అంటుకుంది, పటమూ దీపమూ ఉన్న అర సగం కాలి కిందపడింది. తడి దుప్పటి కప్పి మంట ఆర్పాను. ఆర్పాక ఏం చేశానో తెలుసా? కడాయిని సంచిలో చుట్టి నా మంచం కింద దాచాను. అప్పుడే ఆమె మెట్లెక్కే చప్పుడు వినబడింది.

పగిలిన దీపాన్ని చూసి యాయా అక్కడే కూలబడింది. మసిబారిన పటాన్ని గుండెకు హత్తుకుని, “దీపం ఆర్పకుండా వెళ్ళాను” అంది. నేను కాదనలేదు. గది పోతుందని భయమా? భయమే. కానీ భయం ఒక గంట ఉంటుంది, ఒక రోజు ఉంటుంది. ఆ తర్వాతి రోజుల మౌనానికి ఏం పేరు పెట్టను?

కూతురు ఎలేనీ బ్రెమెన్ నుంచి వచ్చి, ఇక ఒంటరిగా ఉండనివ్వనంది. నెల తిరక్కుండా తల్లిని తీసుకెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఓనర్‌తో మాట్లాడి ఆ ఇంటి కాంట్రాక్టు నా పేరు మీదకు మార్పించింది. నా చేతులు పట్టుకుని థాంక్స్ కూడా చెప్పింది.

బ్రెమెన్‌లో యాయా రొట్టె చేయడం మానేసిందట. ఎవరూ వద్దనలేదు. తన చేతులను తానే నమ్మలేకపోయింది.

వాళ్ళ పెద్ద ఉపవాసాలకు ముందు ఒక ఆదివారం వస్తుంది. ఆ రోజు ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. ఆ ఏడు ఆ ఆదివారం మధ్యాహ్నం యాయా ఫోన్ చేసింది.

“అమ్మాయీ, నీ ప్రాణం మీదికి తెచ్చాను. నన్ను క్షమించు.”

ఫోన్‌ను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాను.

“ఇంకా కోపంగా ఉందా?”

“లేదు యాయా.”

“అయితే ఆ మాట నోటితో అను. అంటేగాని నేను ఉపవాసం మొదలుపెట్టలేను.”

“క్షమించాను యాయా.”

ఆమె ఏడ్చింది. మనసు తేలికపడి ఏడ్చింది. ఆ తర్వాత వెంకో ఎలా ఉన్నాడని అడిగింది.

ఆ క్షణంలో నిజం చెబితే ఆమె మళ్ళీ పిండి ముట్టుకునేదేమో. ఆ ఒక్క ఆలోచన నన్ను వదలదు. దాచడం పిరికితనం. మరి క్షమించడం? నా తప్పును ఆమె చేతిలో పెట్టి, దానికి ఆమె చేతే క్షమాపణ అడిగించుకున్నాను.

రెండేళ్ళకు ఆమె పోయింది. నలభయ్యో రోజు ప్రార్థనకు బ్రెమెన్ వెళ్ళాను. ఉడికించిన గోధుమల్లో పంచదార కలిపి అందరికీ పంచారు. ఎలేనీ నా పక్కనే కూర్చుంది. చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. నేను గోధుమలు తిని, రైలెక్కి వచ్చేశాను.

ఇవాళ పొద్దున ఎలేనీకి ఉత్తరం రాశాను. ఇన్నేళ్ళ బరువు జర్మన్‌లో నాలుగు వాక్యాలకు మించలేదు. క్షమించమని మాత్రం రాయలేదు. ఆ మాటను నేనొకసారి పాడుచేశాను. ఆమె ఏమంటుందో, అసలు జవాబిస్తుందో లేదో తెలియదు.

ఉత్తరం పోస్టులో వేసి తిరిగి నడుస్తుంటే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె గుర్తొస్తే ముందు భయం వచ్చేది. ఇవాళ ఉత్త యాయా గుర్తొచ్చింది.