ప్లేట్ల అంచున మిగిలిన గులాబీలు

వడ్డించిన తర్వాత అతిథిని "బాగుందా?" అని అడగకూడదు. ఇది మా జేజి పెట్టిన కట్టడి. జేజి అంటే మా నాయనను కన్న తల్లి. "ఇంకొంచెం పెట్టేదా?" అనొచ్చు. బాగుందా అని మాత్రం అనకూడదు. అలా అడిగితే మెప్పు కోసం చెయ్యి చాచినట్టేనట. మా ఇంట్లో చెయ్యి చాచడం ఎవరికీ నేర్పలేదు.

డెబ్బైల్లో నాయన పొలంలో ఒకదాని తర్వాత ఒకటిగా బోర్లు వేయించాడు. నీళ్ళు పడలేదు, పొలం పోయింది. ఊళ్ళో ఇల్లూ పోయింది. అనంతపురంలో బాడుగ ఇంటికి వచ్చేటప్పుడు మాతో వచ్చినవి రెండు బీరువాలు, జేజి ఫోటో, జేజి కట్టడి.

ఇరవై ఆరో ఏట నేను కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టాను. ఎనభైల మధ్య మాట ఇది. బెంగుళూరులో పెద్దమ్మ ఇంట్లో నాలుగు నెలలుండి, అదే వీధిలో ఒక ఆవిడ దగ్గర కేకు కాల్చడం, దాని మీద క్రీముతో పూలు పెట్టడం నేర్చుకున్నాను. వచ్చేటప్పుడు పెద్దమ్మ గుండ్రటి కరెంటు ఓవెన్ ఒకటి కొనిచ్చింది. అప్పట్లో మా ఊరి బేకరీల్లో బ్రెడ్డు, బన్నులు, కారం బిస్కట్లు దొరికేవి. పూలు పెట్టిన పుట్టినరోజు కేకు కావాలంటే బెంగుళూరు బస్సులో తెప్పించుకోవాల్సిందే. అందుకని అడిగేవాళ్ళు బాగానే వచ్చారు. ఆఫీసర్ల ఇళ్ళ ఆడవాళ్ళు, కాలేజీ లెక్చరర్ల భార్యలు, అప్పుడప్పుడు ధర్మవరం నుంచి పట్టుచీరల వ్యాపారులు.

నాయన ఒప్పుకున్నాడు గానీ షరతులు పెట్టాడు. "బోర్డు పెట్టేది లేదు. బేరమాడేది లేదు. వచ్చేటోళ్ళు ముందర వాకిట్లోనుంచే రావల్ల, దొడ్డి దారిన కాదు." పెట్టి, తనే వరండాలో కుర్చీ వేసుకుని, గంజి పెట్టిన పంచెలో, వీపు కుర్చీకి ఆనకుండా కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు మెట్టు కింద చెప్పులు విడిచి, "అయ్యా, బాగుండారా?" అని ఆయనను పలకరించాకే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. మా తాత పేరు తెలియనివాళ్ళు ఆ పేటలో తక్కువ.

గులాబీ చేయడం చెప్పుకోవడానికి సులువే. డాల్డా, మెత్తగా పొడి చేసిన చక్కెర కలిపి చెయ్యి పడిపోయేదాకా గిలక్కొడితే తెల్లటి క్రీము వస్తుంది. దాన్ని బటర్ పేపరు పొట్లంలో పోసి, చివర తగరపు మూతి తొడిగి, రేకు మీద రేకు వేసుకుంటూ పోవాలి. బెంగుళూరులో నా రేకులు నిలబడేవి. ఇక్కడ మార్చి వచ్చిందంటే మధ్యాహ్నానికల్లా వాటి అంచులు వాలిపోయి, ఒకదానికొకటి అతుక్కుని, ముద్దయ్యేవి. కిటికీకి తడి గోనెపట్టా కట్టాను. చక్కెర ఎక్కువ చేశాను. అప్పుడు రేకులు చిట్లిపోయాయి. తప్పు ఎండదా, నా చేతిదా? పోల్చి చూసుకోవడానికి ఊళ్ళో ఈ పని చేసే ఇంకో మనిషి నాకు తెలియదు.

అట్టపెట్టె మూత తీసి చూపించేటప్పుడు నా ముఖంలో ఏమీ కనిపించేది కాదు. ఆ విద్య మా ఇంట్లో పుట్టుకతోనే వస్తుంది. చూసినవాళ్ళు "మీ చేతి పని గురించి వేరే చెప్పాలా!" అనేవాళ్ళు. మొదట్లో ఆ మాటకు నిద్ర పట్టనంత సంతోషం. తర్వాత తర్వాత అనుమానం మొదలైంది. వరండాలో నాయన కూర్చుని ఉండగా, ఆయన కూతురి ముఖం మీద ఎవరు ఏమంటారు?

ఒక ఇంజనీరు గారింట్లో కొడుకు పుట్టినరోజుకు కేకు చేసిచ్చాను. మర్యాదకు మమ్మల్నీ పిలిచారు. నాయన రాలేదు, నేను వెళ్ళాను. నా కేకును నలుగురి మధ్య చూడటం అదే మొదలు. అబ్బాయి కోశాడు, చప్పట్లు కొట్టారు, ప్లేట్లు పంచారు. పిల్లలు కేకు తిన్నారు. పూలు తినలేదు. నా పక్కన కూర్చున్న చిన్నపాప గులాబీని వేలితో ప్లేటు అంచుకు నెట్టి, ఆ వేలిని గౌనుకు తుడుచుకుంది. ఖాళీ ప్లేట్లు దొంతరగా లోపలికి పోతుంటే ప్రతి దాని అంచునా ఒక గులాబీ రంగు ముద్ద కనిపించింది.

"మీ పూలతోనేనండీ కేకుకు అందమంతా" అంది ఇంజనీరు గారి భార్య. ఆమె చేతిలోని ప్లేటులోనూ పువ్వు అలాగే ఉంది.

ఏమైంది, ఎందుకు తినలేదు, డాల్డా నాలుకకు అంటుకుంటోందా, చూస్తేనే తినబుద్ధి కావడం లేదా? ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. "వెళ్ళొస్తానండీ" అన్నాను.

ఆ తర్వాత ఆర్డరంటేనే తప్పించుకోవాలనిపించేది. ఎవరైనా వస్తే "ఈ వారం తీరిక లేదు" అనేదాన్ని. చేతిలో పనే లేదు, తీరిక లేకపోవడమేమిటి? అయినా ఆ మాట అనేటప్పుడు నా గొంతు ఎంత దర్జాగా పలికేదో! అన్నీ కాదనలేక కొన్ని ఒప్పుకునేదాన్ని. ఒప్పుకున్నవి తీసుకుపోవడానికి వాళ్ళు రాకపోతే బాగుండునని గోడ గడియారం వంక చూస్తూ కూర్చునేదాన్ని.

అలా ఒప్పుకున్నదే తాడిపత్రి నుంచి వచ్చిన ఒకామె కేకు. వాళ్ళకు అక్కడ బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ. పిల్ల చదువు కోసం ఆ ఏడే అనంతపురం వచ్చారు. మేమెవరమో ఆమెకు తెలియదు. ఆర్డరు ఎవరి చేతనో చెప్పి పంపింది. కూతురి పుట్టినరోజునాడు సాయంత్రం నాలుగింటికి తనే వచ్చింది. చెప్పుల చప్పుడు మెట్టు దగ్గర ఆగకుండా వరండా మీదికి వచ్చింది.

"ఏమన్నా, కేకులు చేసే పాప ఈడేనా ఉండేది?"

నాయనను అన్నా అని పిలిచిన మనిషిని నేనంతవరకు చూడలేదు. ఆయన చేత్తో లోపలికి చూపించాడు.

నేను పెట్టె మూత తీశాను. ఆమె వంగి చూసింది.

"ఇవేంటివి పాపా?"

"గులాబీలు."

"యాడ? ఇవా? ఎవురో తొక్కిన క్యాబేజీ మాదిరుండాయి గదమ్మా!"

నా వెన్ను నిటారైంది. "నచ్చకుంటే ఈడనే పెట్టి పోండి. దుడ్లు ఇయ్యొద్దు."

"దుడ్ల మాట ఎవురెత్తినారు ఇప్పుడు? నా బిడ్డ పొద్దున్నుంచి కేకు కేకు అని పానం తీస్తాండాది. ఇది ఈడ పెట్టి పోతే అదేం కోయల్ల, గుమ్మడికాయా?" అంటూ ఆమె ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "ఐదున్నర దాకా టైముండాది. పూలు తీసేసి మళ్ళా పెట్టు. నేనీడే కూసుంటా."

పొట్లం చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ కింద పెట్టాను.

"మళ్ళా పెట్టినా ఇట్లనే వస్తాయి. ఈ ఎండకు నిలబెట్టేది నాకు రాదు. నేను కొత్త."

ఆ మాటలు నా నోటి నుంచి వచ్చాయంటే నాకే వింతగా ఉంది. వరండాలో కుర్చీ కిర్రుమంది.

ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఆ ముక్క ముందే చెప్పుంటే పూలే వద్దనేదాన్ని గదా. మా ఫ్యాక్టరీలో కొత్తోళ్ళు బండ పగలగొట్టి, దాన్ని మంచి బండల కింద దాపెడతారు. పగలగొట్టినందుకు మా ఆయన ఏమీ అనడు. దాపెట్టినందుకు మాత్రం తిడతాడు చూడు, ఈదంతా ఇనపడల్ల. ఏదీ, చాకు ఇట్లియ్యి."

తనే పూలన్నీ గీకి పళ్ళెంలో వేసింది. తెల్లటి క్రీము మీద గులాబీ రంగు మరకలు మిగిలాయి.

"బిడ్డ పేరన్నా రాస్తావా, అదీ రాదా?"

"వస్తుంది."

రాశాను. చివరి అక్షరం పక్కకు ఒరిగింది. ఆమె చూసింది. "సరేలే, చదివేదానికైతాది" అని అనుకున్న డబ్బు చేతిలో పెట్టి, పెట్టె రెండు చేతులా పట్టుకుని వెళ్ళిపోయింది.

ముద్ద ఉన్న పళ్ళెం పక్కకు పెట్టాను. తర్వాత వరండాలోకి వెళ్ళాను.

"నాయనా, నా పూలు ఎట్లుంటాయి?"

ఆయన వీధి వైపే చూస్తున్నాడు. "ఆ యమ్మ చెప్పినట్టే ఉంటాయి."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి నాకు ఒక్కనాడన్నా చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు గదమ్మా. మనింట్లో అడక్కుండా చెప్పేది యాడుండాది?" అన్నాడు. "నా బోర్లప్పుడూ అంతే. ఆ చేన్లో నీళ్ళు పడవని ఊళ్ళో అందరికీ తెల్సంట. మూడో బోరు ఎండినాక చెప్పినారు. నేనూ ఎవుర్నీ అడగలేదు."

జాలి పడాల్సిన మాటే. నాకు కోపం వచ్చింది. ఏడాది పాటు నేను మూత తీసి చూపిస్తుంటే, పక్కనే కూర్చుని, తెలిసి, ఊరుకున్నాడు. ఆ కోపం చాలా కాలం పోలేదు. ఆ రాత్రి నేను కేకు ఇచ్చిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ నవ్వు ముఖాలన్నీ గుర్తొచ్చాయి. మానేద్దామనుకున్నాను. మానేస్తే దానికి ఏ కారణం చెప్పాలా అని ఆలోచించాను. తీరిక లేదనడం తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆ వారంలోనే ఒక లెక్చరర్ గారి భార్య వచ్చింది. మొదట్నుంచీ నా దగ్గర కేకులు చేయించుకునే ఆవిడ. నాయనను పలకరించి లోపలికి వచ్చి, ఆదివారానికి కేకు కావాలంది. పూలు ఎక్కువ పెట్టమంది.

"పూలు పెట్టను. ఈ ఎండకు నిలబడవు. నాకింకా సరిగా రావు. చుట్టూ గీతలు, చుక్కలు పెడతా, అవైతే నిలబడతాయి."

ఆమె నా వైపు కొంచెం విచిత్రంగా చూసింది. "గీతలు, చుక్కలైతే మా వాకిట్లో నేనే పెట్టుకుంటా గదమ్మా దినామూ. దానికి నీ దాకా ఎందుకు?" అని నవ్వింది. "పోనీలే, ఈసారికి బెంగుళూరు నుంచే తెప్పించుకుంటాం."

మెట్టు దిగి చెప్పులు తొడుక్కోబోయింది. వెనక్కి పిలిచి, పూలే పెడతాలెండి అనాలనిపించింది. గడప దాటి వరండాలోకి వచ్చాను. నాయన అక్కడే ఉన్నాడు.

"అక్కా, పోయినసారి మీ వాడికి చేసిచ్చిన కేకు ఎట్లుండింది?"

ఆమె మా నాయన వైపు చూసింది. నా వైపు చూసింది. "బాగుండిందమ్మా. మీ చేతి పని..."

"అట్ల గాదు. నిజం చెప్పండి."

ఒక చెప్పులో కాలు పెట్టి అలాగే నిలబడింది. "కేకు బాగుండింది," అంది గొంతు తగ్గించి. "పైన క్రీమే... పిల్లోళ్ళు ముట్టలేదు. నేనే గీకి ఆవుకు పెట్టినా."

"ఇంకా?"

ఆమె చెప్పు విడిచి, మెట్టెక్కి మళ్ళీ లోపలికి వచ్చింది. కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. అందులో ఒక్క మాటా నాకు నచ్చలేదు. ఆమెను అప్పుడే వెళ్ళనిచ్చి ఉంటే బాగుండేదనిపించింది. అయినా ఆమె ఆగినప్పుడల్లా ఇంకా ఏమిటని అడుగుతూనే ఉన్నాను.