రాజవ్వ మూలుగులు

కామాటిపుర పదకొండో గల్లీలో ఎవరికి నడుం పట్టేసినా ముందు గుర్తొచ్చేది మందుల షాపు కాదు, బాలనర్సయ్య. తల నిండా జుట్టున్నా ఆయన్ని అందరూ గుండు మామ అనే పిలుస్తారు. గోడ నిలువుగా లేచిందో లేదో చూడ్డానికి మేస్త్రీలు దారానికి కట్టి వేలాడదీసే ఇత్తడి గుండు ఉంటుంది చూడండి, ఆ పేరు దాన్నుంచి వచ్చింది. అరవై రెండేళ్ళొచ్చాయి, పనికి వెళ్ళడం తగ్గింది. గుండు మాత్రం చొక్కా జేబులోంచి దిగలేదు.

ఈ వైద్యం ఆయనకెవరూ నేర్పలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒకే ఇరుకు ఖోలీ గదిలో పదిమంది కూలీలతో పడుకునేవాడు. సాయంత్రానికి పదిమందికీ ఒళ్ళు పులిసిపోయి ఉండేది. ఎవరు ఎవరికి పట్టాలి? ఒకనాడు భుజం కదల్లేక, కోపంతో ఆ గుండును నేలమీద పెట్టి దానిమీదే వెల్లకిలా పడుకున్నాడు. చచ్చాననుకున్నాడు. పది అంకెలు లెక్కపెట్టేసరికి భుజం తేలికైంది. ఇక అప్పట్నుంచీ అదే ఆయన శాస్త్రం. ఎముక మీద పెట్టకూడదు. గట్టిగా గడ్డలా తగిలే కండ వెతకాలి. గోడకూ ఒంటికీ మధ్య గుండు పెట్టి ఆనుకోవాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఆనక గోరువెచ్చని నూనె రాసుకోవాలి.

వీటన్నిటికంటే పెద్ద షరతు ఇంకొకటుంది. ఎవరి నొప్పి వాళ్ళే నొక్కుకోవాలి. "పక్కోని చెయ్యికి నీ నొప్పి ఏం తెలుస్తది బే?" అనేవాడు. ఎంతమందికి నేర్పినా ఎవరి ఒంటిమీదా చెయ్యి వెయ్యలేదు. భార్య రాజవ్వ మీద కూడా.

రాజవ్వ తాడ్‌దేవ్‌లో మూడిళ్ళలో గిన్నెలు తోమి వచ్చేది. వచ్చేసరికి బాలనర్సయ్య నూనె వెచ్చబెట్టి ఉంచేవాడు. పాపం, ఏ మాటకామాటే చెప్పాలి, అది మాత్రం ఏనాడూ తప్పలేదు. ఆమె గుండు తీసుకుని పరదా వెనక్కి వెళ్ళేది. లోపల్నుంచి "అమ్మా... హా... అబ్బబ్బా" అని మూలుగులు వినబడేవి. ఈయన బయట గ్యాలరీలో స్టూలు మీద కూర్చుని, "అట్ల! గట్టిగ నొక్కు, కనికరం చూపియ్యకు!" అని గొంతెత్తేవాడు. దారిన పోయేవాళ్ళతో "మా రాజవ్వకు ఇంతవరకు ఒక్క గోలీ మింగే పని పడలే" అని మీసం దువ్వుకునేవాడు. నలభై ఏళ్ళు ఇలాగే గడిచాయి.

పోయిన నెల రాజవ్వ వాళ్ళ అన్న మనవరాలి పెళ్ళికని నారాయణపేట వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో బస్సులో పద్దెనిమిది గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. మర్నాడు రాజవ్వకు ఎడమ పిక్క నొప్పి మొదలైంది.

"బస్సు నొప్పే, ఇంకేంది," అన్నాడు బాలనర్సయ్య. నూనె వెచ్చబెట్టాడు. రెండు రోజులు, పొద్దునా సాయంత్రమూ, పరదా వెనక మూలుగులు వినబడ్డాయి. నొప్పి తగ్గలేదు సరికదా, రాజవ్వ గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. "నువ్వు గట్టిగ నొక్కుతలేవు," అని కసిరాడు. "ఇంకో పది లెక్కబెట్టు!"

మూడోరోజు పొద్దున వర్లీ నుంచి కొడుకు కూతురు రుతుజ వచ్చింది. రక్తపరీక్షలు చేసే చోట ఉద్యోగం ఆ పిల్లది. నానమ్మ చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి లాగి చూసి గతుక్కుమంది. ఎడమ కాలు ఉబ్బి, ఎర్రబడి, ముట్టుకుంటే కాలిపోతోంది. కుడి కాలు మామూలుగానే ఉంది.

"అరే బాప్ రే! తాతా, ఒకటే కాలు ఎందుకు వాచింది? బస్సు నొప్పి అయితే రెండు కాళ్ళకు రావాలె కదా?"

"నలభై ఏండ్ల సంది చూస్తున్న బిడ్డా, ఏం గాదు."

"తూ గప్ బస్! టాక్సీ పిలుస్తున్న," అంది రుతుజ. మనవరాలు తనను నోర్మూసుకోమనడం ఆయనకదే మొదటిసారి.

ఆసుపత్రిలో కాలికి స్కాన్ తీశారు. డాక్టరమ్మ వచ్చి హిందీలో నెమ్మదిగా చెప్పింది. కాలి లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. మందులతో ప్రయత్నిద్దాం, కదలకుండా ఉండాలి. చెబుతూ చెబుతూ ఆగి, "మాలిష్ ఏమైనా చేశారా?" అంది.

బాలనర్సయ్య అబద్ధమాడే మనిషి కాదు. జేబులోంచి గుండు తీసి చూపించాడు. "దీంతోని. రెండు రోజులు. నేనే చెప్పిన."

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "దీనితోనా? నొక్కితే ఆ గడ్డ విడిపోయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి అక్కడికక్కడే ప్రాణం పోగొట్టుకోవచ్చు!"

ఏం విన్నాడో ఆయనకు ఒక క్షణం అర్థం కాలేదు. కనికరం చూపియ్యకు అని అరిచింది తను. ఇంకో పది లెక్కబెట్టమన్నది తను. దేవుడా, నా పెళ్ళాన్ని నేనే చంపుకుంటున్నానా!

"లేదు డాక్టర్ బాయి," అంది మంచం మీంచి రాజవ్వ. "నేను నొక్కలే."

డాక్టరమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. అదే మంచిదైందని, బతికిపోయారని, ఇక ఆ కాలిని ఎవరూ ముట్టొద్దని చెప్పి, మందులు రాయడానికి వెళ్ళింది. రుతుజ ఆమె వెనకాలే పోయింది.

బాలనర్సయ్య మంచం దగ్గరికి జరిగాడు. "డాక్టరమ్మకు అబద్ధం ఎందుకు చెప్పినవే? పానం మీదికొచ్చింది ఇది."

"ఆమెకు నిజమే చెప్పిన. అబద్ధం నీకే చెప్పిన. నలభై ఏండ్ల సంది."

"మరి ఆ మూలుగులు?"

"గుండు తలకింది మెత్త కింద పెట్టి మూలిగేదాన్ని. ఆ ఇనుప ముక్కో ఇత్తడి ముక్కో, అది పెట్టుకుంటే నాకు పానం పోయినట్లుండేది. వద్దంటే నువ్వు చిన్నబోతవు. నూనె వెచ్చబెట్టి కూసుంటివి గదా."

గల్లీ మొత్తానికి చెప్పుకున్న గొప్పంతా నేలపాలైంది. అయినా అది కాదు ఆయన్ని కుదిపింది. మూడిళ్ళ గిన్నెలు, నలభై ఏళ్ళు. ఆ నొప్పంతా ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. ఆమె ఒంట్లోనే ఉంది.

"ఒక్కసారన్న చెప్పకపోతివి," అన్నాడు.

"పెండ్లయిన కొత్తల చూసిన. ఇంతగనం మూలుగుతున్న, పరదా జరిపి లోపటికొచ్చి నువ్వే నీ చేతులతోని ఒత్తుతవేమో అని. నువ్వు బయటకెల్లి అరుస్తుంటివి. ఇగ అదే ఆదత్ అయిపాయె."

బాలనర్సయ్య కళ్ళు తుడుచుకుని, కాళ్ళ దగ్గర కూర్చుని రెండు చేతులూ చాపాడు. "యాడ నొస్తుందే?" అనడిగాడు. పెళ్ళయ్యాక ఆ మాట అడగడం అదే మొదలు.

రాజవ్వ కాలు పక్కకు జరుపుకుంది.

"ఇప్పుడు ముట్టొద్దన్నరు గదనయ్యా," అంది.