ఒక్క మనిషి టెంటు

సరిహద్దు పోస్టు దగ్గర లారీ ఆగినప్పుడు మధ్యాహ్నం పన్నెండూ పది. మే నెల. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. దిగి నాలుగు అడుగులు వేసేసరికే నాకు ఆయాసం వచ్చింది. ఎండ కళ్ళల్లో పొడుస్తోంది, లారీ నీడలో పెట్టిన నీళ్ళ సీసాలో మాత్రం మంచు పలుకులు తేలుతున్నాయి. చెట్టు లేదు, గడ్డిపోచ లేదు. అంతా రాయి. మాది మేలూరు. క్వారీల మధ్య పెరిగినవాణ్ణి, రాయి నాకు కొత్త కాదు. అయినా అంత రాయి ఒక్కచోట చూడటం అదే మొదటిసారి.

"ఏమి ఊరు రా దేవుడా ఇది" అని నాలో నేనే అనుకున్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. బంకర్ గుమ్మంలోంచి ఒక తల బయటికొచ్చింది.

"అన్నా! మీరు మా ఇంట్లో మాదిరి మాట్లాడతా ఉండారే! ఏ ఊరు?"

"మదురై పక్కన మేలూరు. నువ్వు?"

"నాది కోయంబత్తూరు అన్నా. ఆర్.ఎస్. పురంలో నాయన పాత్రలమ్మే కడై పెట్టుండాడు. రాండి లోపలికి, వేడినీళ్ళు తాగుదురు. ఊపిరి మెల్లిగా తీయండి, తొందరేమీ లే."

వాడే మా రేడియో ఆపరేటర్, అందరూ రేడియో అనే పిలిచేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళు. మా తాతముత్తాతలు తమిళనాట ఎప్పుడు స్థిరపడ్డారో మా ఇద్దరికీ తెలీదు. ఇద్దరం తమిళంలో చదువుకున్నాం, తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. గుంటూరు నుంచి వచ్చిన గన్నర్ ఒకడుండేవాడు, మా మాటలు విని పడీపడీ నవ్వేవాడు. "ఇదేం తెలుగయ్యా బాబూ, సగం అరవం" అనేవాడు. ఆ గన్నరే మా ఇద్దరికీ రేషన్ పెట్టె మూత మీద సుద్దముక్కతో అక్షరాలు నేర్పాడు. ఇప్పుడు ఇది రాయగలుగుతున్నది ఆ పుణ్యమే.

నేను స్టోర్ హవల్దార్‌ని. కిట్ చూడటం, తూచడం, పంచడం నా పని. పెట్రోల్‌కి, అంటే సరిహద్దు గస్తీకి, ఎనిమిది మంది వెళ్ళేవాళ్ళం, నాలుగు రోజులు, ఒక్కోసారి ఐదు. ఎవరి బరువు వాళ్ళే మోయాలి. ఆ ఎత్తులో వంద గ్రాములంటే ఏమిటో ఇంట్లో కూర్చుని చెబితే అర్థం కాదు. మా వాళ్ళు టూత్‌బ్రష్ పిడి సగానికి విరిచి తెచ్చుకునేవాళ్ళు.

మొదటి గస్తీ జూన్‌లో. ఇద్దరికో టెంటు. నేనూ రేడియో ఒక దాంట్లో. బూట్లు, నీళ్ళ సీసా, రేడియో బ్యాటరీలు అన్నీ స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోవాలి, లేకపోతే పొద్దునకి పనికిరావు. వాడు నిద్రలో కాళ్ళు తెచ్చి నా పొట్ట మీద వేసేవాడు. తన్ని అటు తోస్తే మళ్ళీ వేసేవాడు. రెండో రోజు రాత్రి నన్ను కుదిపి లేపాడు.

"అన్నా, లేయండి. ఊపిరి తీస్తా ఉండి నిలిపేస్తా ఉండారు. నాకి బయమైపోయింది."

నన్ను కూర్చోబెట్టి, తన బ్యాగ్‌లోని వెచ్చటి నీళ్ళు తాగించాడు. మా నర్సింగ్ అసిస్టెంట్ బీహార్ మనిషి, పక్క టెంటులోంచి వచ్చి చూశాడు. ఈ ఎత్తులో నిద్రలో అలా అవుతుంది, ప్రమాదం లేదన్నాడు. ప్రమాదం ఉందో లేదో, నా ఊపిరి వినడానికి పక్కన ఒకడున్నాడు. అప్పుడు నాకు అంతకుమించి ఆలోచన రాలేదు.

జూలైలో మా అక్కకి ఫోన్ చేశాను. అక్క కోయంబత్తూరులో ఉంటుంది. దాని కూతురు, నా మేనకోడలు, అక్కడే ఒక స్కూల్లో టీచర్. సంబంధాలు చూస్తున్నారు. "పిల్లోడు ఒకడుండాడు అక్కా, బంగారం" అన్నాను. రేడియో ఆగస్టులో సెలవు మీద వెళ్ళాడు. పెద్దవాళ్ళు కలిశారు, తాంబూలాలు మార్చుకున్నారు. ఐప్పసి నెలలో, అంటే దీపావళి రోజుల్లో, పెళ్ళి.

వెళ్ళేటప్పుడు వాడు నన్ను అన్నా అన్నాడు. తిరిగొచ్చి లారీ దిగి, ముందు వంగి నా కాళ్ళకి దండం పెట్టి, "బాగుండారా మామా" అన్నాడు.

ఇక అన్నీ మారిపోయాయి. మా ఇళ్ళల్లో అల్లుడు మామ ముందర కాలు మీద కాలు వేసుకోడు. కాళ్ళు చాపడు, పొగతాగడు, ఒంట్లో బాగాలేదని నోరు విప్పి చెప్పడు. నేను బంకర్‌లోకి వస్తే వాడు లేచి నిలబడేవాడు. బీడీ వెనక్కి దాచేవాడు. గన్నర్ నన్ను పక్కకి పిలిచి, "మీకేమైనా గొడవైందా?" అని అడిగాడు. లేదని నవ్వాను. నిజం చెప్పాలి కదా, నాకు ఆ మర్యాద బాగా నచ్చింది. అది చూసి లోపల పొంగిపోయేవాణ్ణి.

సెప్టెంబర్ మొదట్లో కొత్త టెంట్లు శాంపిల్‌కి వచ్చాయి. కెప్టెన్ సాబ్ నన్ను పిలిచారు. "తూచి, వేసి చూసి, ఏది తీసుకోవాలో రాసివ్వు. నీ మాటే ఖాయం."

స్టోర్ ముందర రెండు రకాలు వేశాను. ఒకటి ఇద్దరు పట్టేది, రెండు పొరలది. స్ప్రింగ్ త్రాసుకి తగిలిస్తే మూడు కిలోల ఎనిమిది వందలు. ఇద్దరు పంచుకుంటే తలకి కిలో తొమ్మిది వందలు. రెండోది ఒక్క మనిషిది, ఒకటే పొర, ఒకటే కమ్మీ. కిలో నూట యాభై. చుడితే మోచేతి పొడవు. గాలిలో వేయడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. లోపల పడుకుంటే గుడ్డ ముక్కుకి రెండు జానల దూరం. కాసేపటికే నా ఊపిరి తగిలి గుడ్డ లోపల చెమ్మ పట్టింది. దాన్ని వేలితో రాసి చూశాను. ఈ ఒక్క లోపం ఉందని కాగితం మీద రాశాను కూడా.

నర్సింగ్ అసిస్టెంట్ పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"హవల్దార్ సాబ్, ఇద్దరిదే తీసుకోండి. ఒకడు దగ్గితే ఇంకొకడికి వినిపిస్తుంది. ఒక్కొక్కణ్ణి ఒక్కో సంచిలో పెడితే నేను ఎవరి ఊపిరి వినను?"

"తలకి ముప్పావు కిలో తగ్గుతుంది. నువ్వు మోస్తావా ఆ బరువు?" అన్నాను.

బరువు నిజమే. కానీ నా మనసులో ఉన్నది బరువు కాదు. అంతకు ముందు రోజు రేడియో వచ్చి, తల వంచుకుని, నసుగుతూ అడిగాడు.

"మామా, ఈ తడవ మీతో ఒకే టెంట్లో అంటే... నేను ఎట్లా పండుకునేది? కాలు చాపను కుదరదు. పండుకోకుండా ఉక్కార్చునే ఉండాల్సి వస్తాది."

"సరి రా, నేను చూసుకుంటా" అన్నాను. పెళ్ళికి ఇంకో రెండు నెలలు కూడా లేవు. నాకూ అదే మర్యాద అనిపించింది. గన్నర్‌తో వాణ్ణి ఒక టెంటులో వేసి ఉండొచ్చు. ఆ ఆలోచనే రాలేదు. ఒక్క మనిషి టెంట్లు ఎనిమిది అని రాసి సంతకం పెట్టాను.

సెప్టెంబర్ నాలుగో వారంలో ఆ కొత్త టెంట్లతో గస్తీకి బయల్దేరాం. మూడో రోజు సాయంత్రం ఐదుంబావుకి క్యాంప్ వేశాం. ఎత్తు పదహారు వేల ఎనిమిది వందలు. పడమటి గాలి. టెంటు కాళ్ళ వైపు గాలికి ఎదురుగా పెట్టాలి, అది సన్నగా ఉంటుంది, గాలిని కోస్తుంది. తల వైపు వెడల్పు. ఏడుగురం అలాగే వేశాం. రేడియో నా పక్కన, నాలుగు అడుగుల దూరంలో, అడ్డంగా వేశాడు. చదును నేల నా తలకి పక్కగా, కొంచెం వెనక్కి ఉంది, తిన్నగా వేస్తే వాడి కాళ్ళు నా తల దగ్గరికి వస్తాయి. అందుకని తల నా వైపు, కాళ్ళు అటు. గాలి పక్కనుంచి కొట్టి గుడ్డ పటపటా అంటోంది.

ఎందుకలా వేశాడో నాకు చూడగానే అర్థమైంది. మార్చి వెయ్యమనలేదు. మా అక్క ఇంటికి మంచి అల్లుణ్ణి తెచ్చానని గర్వపడ్డాను.

వాడు దగ్గుతున్నాడు.

"ఏమిరా దగ్గు?"

"ఏం లే మామా. దుమ్ము."

"తలకాయ నొస్తా ఉందా?"

"లే లే. బాగానే ఉండాను."

అన్నా అని పిలిచిన రోజుల్లో అయితే నా భుజం మీద వాలిపోయి, తల పగిలిపోతా ఉంది అన్నా, అని ఉండేవాడు. ఆరున్నరకి నర్సింగ్ అసిస్టెంట్ వరసగా అందర్నీ అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. నా ముందర రేడియో అతనికీ అదే జవాబు చెప్పాడు. ఏడు గంటలకి బేస్‌కి వాడే మెసేజ్ ఇచ్చాడు. "ఎనిమిది మంది. అందరూ బాగున్నారు. ఓవర్." తర్వాత తలుపు జిప్ వేసుకుంటూ, "పండుకోండి మామా" అన్నాడు. గాలి హోరు. నేను టోపీ చెవుల మీదికి లాక్కుని పడుకున్నాను. వాడి వైపు నుంచి ఏమీ వినలేదు.

పొద్దున ఐదున్నరకి బేస్ నుంచి పిలుపు. రెండుసార్లు పిలిచింది. ఎవరూ ఎత్తలేదు.

"రేడియో ఎక్కడ?" అన్నారు కెప్టెన్ సాబ్.

నేను వెళ్ళి జిప్ లాగాను. గడ్డకట్టి రాలేదు. పళ్ళతో పట్టి లాగాను. టెంటు కదిలేసరికి లోపలి గుడ్డకి పట్టిన మంచు పొడిలాగా నా మొహం మీద రాలింది. వాడు పక్కకి తిరిగి ఉన్నాడు. పెదవుల దగ్గర గులాబీ రంగు నురగ ఎండిపోయి ఉంది. నర్సింగ్ అసిస్టెంట్ నన్ను తోసుకుని లోపలికి దూరాడు. కాసేపటికి బయటికొచ్చాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నాడు. "చాలాసేపు గురగుర వచ్చి ఉంటుంది. పక్కనున్నవాడికి తెలిసేది" అన్నాడు. నన్ను తిట్టాలని అనలేదు. తెలిసిన సంగతి చెప్పాడు, అంతే.

మోకాళ్ళు ముడుచుకుని ఉన్నాడు. తనొక్కడికే ఉన్న టెంటులో కూడా కాళ్ళు చాపుకోలేదు.

వాణ్ణి వంతులు వేసుకుని దింపాం. పదకొండు గంటలు పట్టింది. టెంటు నేను చుట్టి నా సంచిలో పెట్టుకున్నాను. ఎవరికీ ఇవ్వలేదు.

వాడితో కలిసి నేనూ ఊరికి వచ్చాను. కోయంబత్తూరులో అన్నీ అయ్యాక మూడో రోజు నా మేనకోడలు మేడ మీదికి పిలిచింది. ఏడవలేదు. పెళ్ళికి కుట్టించిన జాకెట్ మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"మామా, కడాసి గడియలో వాండ్ల పక్కన ఎవరుండిరి?"

"నేనే ఉండాను అమ్మా."

"పక్కనేనా?"

"పక్కనే."

కళ్ళు మూసుకుంది. "అయితే సరి మామా. ఒంటరిగా పోలేదు, అది చాలు" అంది. నా చెయ్యి పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. నాలుగు అడుగులని ఈ రోజుకీ దానికి చెప్పలేదు. ఇది చదవడానికి దానికి తెలుగు అక్షరాలు రావు. వచ్చి ఉంటే నేను రాసేవాణ్ణి కాదేమో.

పెన్షన్ తీసుకున్నాక అక్క వాళ్ళింటి దగ్గరే, ట్రెక్కింగ్ సామాన్లు అమ్మే ఒక షాపులో పనిచేస్తున్నాను. పిల్లలు వస్తారు, కొండలకి ఒంటరిగా పోతామని, తేలికగా ఉండే ఒక్క మనిషి టెంటు చూపించమని అడుగుతారు. బరువు చెబుతాను, కమ్మీ చూపిస్తాను, లోపల చెమ్మ పట్టకుండా గాలి సందు ఎక్కడుండాలో చెబుతాను. నా పని బాగా చేస్తాను. చివర్లో ప్రతి ఒక్కరినీ, "తోడు ఎవరూ రారా?" అని అడుగుతాను. ఓనర్‌కి అది నచ్చదు. అడగకుండా ఉండలేను.

ఒక్కటి మాత్రం నన్ను వదలదు. కిందికి దిగిన మర్నాడు మధ్యాహ్నం, బేస్‌లో, స్టోర్ ముందర ఎండలో ఆ టెంటు విప్పి పరిచాను. దాంతోపాటు చుట్టేసిన మంచు అంతా కరిగింది. అడుగు గుడ్డ మూలలో ఒక దోసెడు నీళ్ళు నిలిచాయి. వాడు పోయేదాకా తీసిన ఊపిరి అది. వంపేసి ఆరేయమని ఎవరో అన్నారు. నేను వంపలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, అవి ఎండలో ఇంకిపోయేదాకా చూస్తూ ఉన్నాను.