నూటికి నూరు పాళ్ళు ఆక్సిజన్

ఆ రోజుల్లో షామీర్‌పేట వైపు ప్లాట్లు అమ్మేవాళ్ళంతా భూమి కంటే గాలినే ఎక్కువగా అమ్మేవారు. నేనూ అమ్మాను. బీఎస్సీ కెమిస్ట్రీ పాసై, ఉద్యోగం దొరక్క, మా మేనమామ వేసిన వెంచర్‌లో చేరాను. (అంతకు ముందు ఆయన అదే భూమిలో మక్కలు పండించేవాడు, అప్పటికి తెల్లచొక్కా తొడిగి హద్దురాళ్ళు నాటుతున్నాడు.) గేటు మీద పెద్ద బ్యానర్ ఉండేది: ‘ఇక్కడి గాలి నూటికి నూరు పాళ్ళు ఆక్సిజన్’. దాన్ని చూసినప్పుడల్లా నా డిగ్రీ లోపల్లోపల గిల్లేది.

ఒక ఆదివారం పొద్దున్నే మామ, “సూడు బిడ్డా, నువ్వు జేరినకాడికెల్లి ఒక్క ప్లాటు గూడ అమ్మలే. ఇయ్యాల బేరం గూడ తప్పితే రేపటికెల్లి ఇంట్లనే ఉండు. మీ అమ్మకు వంటలనన్న ఆసరైతవ్” అన్నాడు. నా వంట రుచి చూసినవాళ్ళకు అదెంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

ఆ బేరం సూరారం నుంచి వచ్చింది. ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన, భార్య, తల్లి. తల్లికి ఆయాసం. వాళ్ళ వీధిలో పొగ, ఘాటు వాసన. నాలుగడుగులు వేస్తే ఆగి దగ్గేది. కొడుకు బ్యానర్ చదివి, “మేడం, నిజంగ ఉత్త ఆక్సిజనేనా?” అని ఆశగా అడిగాడు. అవునంటే పని అయిపోయేది. కానీ దగ్గుతున్న ఆ అవ్వను చూస్తే అబద్ధం నోటికి రాలేదు. పైగా కెమిస్ట్రీ అడిగితే నేను ఆగే మనిషినా?

“ఉత్త ఆక్సిజనైతే బతుకుతమా అన్నా? అగ్గిపుల్ల గీస్తే భగ్గుమంటది. గాలిల నాలుగింట మూడొంతులకు పైన నైట్రోజనే. ఆక్సిజన్ ఐదో వంతు” అన్నాను గర్వంగా.

ఆయన భార్యకు భగ్గుమనడం ఒక్కటే వినబడింది. “అయితే గృహప్రవేశానికి పాలు పొంగిచ్చుడెట్ల? పొయ్యి ముట్టిస్తే ఇల్లే అంటుకుంటదా?” అంది. అంటుకోకుండా కాపాడేది నైట్రోజనే అన్నాను. అది యాడికెల్లి వచ్చిందంది. “కోట్ల ఏండ్ల కింద అగ్నిపర్వతాలు కక్కినయ్ అక్కా” అన్నాను. ఆమె వెనకున్న రాతిగుట్టను చూసి మొగుడి చొక్కా పట్టుకుంది. “గీ గుట్టనేనా?”

దూరంగా మామ తల పట్టుకున్నాడు. నేను మాత్రం తగ్గలేదు. ఆ గుట్ట ఏమీ కక్కదని, మొదట్లో గాలిలో ఆక్సిజనే లేదని, సముద్రంలో కంటికి కనబడని జీవులు ఎండ తాగి కోట్ల ఏళ్ళు వదిలితే ఇంత పోగయిందని, ఈ గాలి దుప్పటి కప్పకపోతే పగలు మాడి రాత్రి గడ్డకట్టిపోతామని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. (నేను గుక్క తిప్పుకోనిది కూడా గాలి గురించి చెప్పేటప్పుడే.)

కొడుకు అంతా విని, “అయితే సూరారం గాలి, గీడి గాలి ఒక్కటేనా?” అన్నాడు. మామ వద్దన్నట్టు చేతులు జోడించాడు.

“ఒక్కటే అన్నా. కాకపోతే ఆడ దాంట్ల పొగ, దుమ్ము కలుస్తున్నయ్. ఈడ గవి తక్కువ” అన్నాను. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

అప్పుడు చూస్తే అవ్వ మా పక్కన లేదు. మూల ప్లాటు హద్దురాయి మీద కూర్చుని ఉంది. నా పాఠం ఒక్క ముక్క కూడా విన్నట్టు లేదు. “కొడుకా, ఇందాకటికెల్లి నేను దగ్గలే” అంది. అతను నేరుగా మామ దగ్గరికి వెళ్ళి బయానా డబ్బులు ఇచ్చేశాడు.

మామ సంతోషం పట్టలేక బ్యానర్ మార్పించాడు: ‘ఐదో వంతు ఆక్సిజన్, గ్యారంటీ!’ ఆ తర్వాత వచ్చినవాళ్ళు, “గంతేనా? పక్క వెంచర్ల నూటికి నూరు ఇస్తున్నరు” అని వెళ్ళిపోయారు. పాత బ్యానర్ మళ్ళీ గేటెక్కింది. నేను మేడ్చల్‌లో ఒక బడిలో టీచరుగా చేరిపోయాను.

ఇప్పుడు ఆ వైపంతా ఇళ్ళే, దుమ్ము కూడా బాగానే లేస్తోంది. అవ్వ లేదు. ఆమె కూర్చున్న హద్దురాయిని మాత్రం కొడుకు, కోడలు తీయకుండా తమ ఇంటి గేటు పక్కన ఉంచారు. అటు వెళ్ళినప్పుడు కాసేపు దాని మీద కూర్చుంటాను. అగ్నిపర్వతాలు చూపించి ప్లాటు అమ్మబోయిన ఆ పిల్ల గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకుంటాను. అవ్వ కూడా గుర్తొస్తుంది, గట్టిగా ఊపిరి పీల్చుకుంటాను. ఇంతలో లోపలి నుంచి అవ్వ కోడలు గ్లాసు పట్టుకుని వస్తుంది.

“గాలి ముచ్చట తర్వాత జెప్పుదురు మేడం, ముందుగాల చాయ్ తాగుండ్రి.”