మూడు చాయ్‌ల తనిఖీ: జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

ఉద్యోగంలో చేరాక నాకు ఒంటరిగా అప్పగించిన మొదటి తనిఖీ అది. హైదరాబాదులోని మా బట్టల కంపెనీ ఎవరితోనైనా ఒప్పందం రాసుకునే ముందు ఆ మనిషి ఎలాంటివాడో కనుక్కొని రమ్మని ఒకరిని పంపేది. ఈసారి సిరిసిల్లలో పన్నెండు సాంచలున్న రాజేశం గారి వంతు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ఆయన దగ్గర బట్ట కొనే ఇద్దరిని ఆయనకు తెలియకుండా కలవాలి, సాంచలు నడుస్తుండగా కళ్లారా చూడాలి, ఎవరి దగ్గరా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. ఈ చివరి నియమం మీద నాకు భలే గర్వంగా ఉండేది.

ముందురోజే జగిత్యాల చేరి, పొద్దున ఎనిమిదింటికి ఒక బట్టల దుకాణం మెట్లెక్కాను. రాజేశం పనివాళ్లెవరు, ఎక్కడివాళ్లు అని ఫైలు తెరిచి మొదలుపెట్టాను. అన్నల కాలమది, నక్సలైట్ల కోసం పోలీసులు ఊరూరా వెతికే రోజులు. కాగితాలు పట్టుకొని పేర్లు అడిగే కొత్త మనిషిని చూస్తే ఎవరికైనా భయమే. నాకా సంగతి తట్టలేదు.

"ముందుగాల చాయ్ తాగుండ్రి సారు," అన్నాడు యజమాని.

"వద్దండి, మా రూలు ఒప్పుకోదు."

ఆయన గ్లాసు వెనక్కి జరుపుకున్నాడు. ఆ తర్వాత ఏమడిగినా ఒకటే జవాబు: "నాకెర్కలే సారు."

గంట ప్రయాణం చేసి కోరుట్లలో దిగేసరికి తల పగిలిపోతోంది. రాజేశం బట్ట కొనే రెండో మనిషి గంగారాం గారి దుకాణంలో చాయ్ రాగానే నా రూలు గాలికి పోయింది. సిగ్గు లేకుండా రెండో గ్లాసు కూడా అడిగాను. ఆయన మాత్రం నన్నే ప్రశ్నలడిగాడు. ఏ ఊరు, ఎవరి కొడుకువు, మీ కంపెనీ ఒప్పుకున్న సరుకు వద్దని ఎప్పుడన్నా తిప్పి పంపిందా? అన్నిటికీ దాచకుండా చెప్పాను. అప్పుడు నోరు విప్పాడు. "రాజేశం మాటంటే మాటే. ఓపారి బట్ట నేతల తప్పుంటే, మేం చూడకముందే ఆయనే వచ్చి వాపస్ పట్కపోయిండు."

నన్ను బస్సెక్కిస్తూ డ్రైవరు చేతిలో ఆయన ఒక చీటీ పెట్టాడు. వాళ్ల ఇంటి విషయమేమో అనుకున్నాను.

వేములవాడ మీదుగా రెండున్నర గంటలు పట్టింది. దారిలో రెండుసార్లు పోలీసులు అందర్నీ దింపారు. "గీ సాంచల లెక్క నీకెందుకోయ్?" అని ఒక కానిస్టేబులు నా ఫైలంతా చదివి గానీ వదల్లేదు.

సిరిసిల్లలో రాజేశం గారి గల్లీ అంతా సాంచల చప్పుడు. ఆయన షెడ్డుకు మాత్రం తాళం. అరుగు మీద ఆయన, పక్కనే మూట కట్టుకొని శంకర్ అనే పనివాడు. ఈ ఆర్డరు రాకపోతే శంకర్‌తో కలిపి నలుగురు పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండి బస్సెక్కాలట.

"కరెంటు లేదు సారు," అన్నాడు రాజేశం.

"పక్క షెడ్డులో ఉంది కదండీ?"

ఆయన తాళంచెవి నడుముకు దోపుకున్నాడు. సాంచలు నడవడం లేదని రాస్తే ఆ నలుగురి పని అయిపోయినట్టే. రాయకపోతే నేను అబద్ధమాడినట్టు. చెయ్యి రాక కలం పట్టుకొని కూర్చున్నాను.

అంతలో బస్టాండు హోటలతను చాయ్‌లతో పాటు గంగారాం చీటీ తెచ్చిచ్చాడు. డ్రైవరు అక్కడ ఇచ్చి వెళ్లాడట. రాజేశం చదివి నాకే అందించాడు: "మనిషి మంచోడే. చాయ్ రెండుసార్లు తాగిండు. దాపరికం లేదు. చూపియ్యి."

తర్వాత జేబులోంచి ఇంకో చీటీ తీశాడు. అది జగిత్యాల నుంచి నేరుగా వచ్చే బస్సులో నాకంటే ముందే చేరింది: "ఎవరో ఫైలు వట్కొని నీ గురించి అడుగుతుండు. చాయ్ సుత ముట్టలే. పైలం, ఏం చూపియ్యకు."

"మీరు మమ్ముల ఆరా తీసినట్టే, మీరు కంపెనీ మనిషేనో పోలీసోల్ల మనిషో అని మేం మిమ్ముల తీసినం సారు. ఏమనుకోకుండ్రి," అంటూ ఆయన తాళం తీశాడు. శంకర్ మూట వదిలేసి లోపలికి పరుగెత్తాడు. పన్నెండు సాంచలూ ఒక్కసారి మోగాయి. ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు, అందరం నవ్వుతూనే ఉన్నాం. అంత సంతోషం మళ్లీ ఏ తనిఖీలోనూ దొరకలేదు.

తనిఖీ నివేదికలో 'స్వీకరించినవి' అన్న గడిలో 'చాయ్, మూడు' అని నిజాయితీగా రాశాను. మూడెందుకని మేనేజరు అడిగితే, రెండు వాళ్ల పరీక్షకు, మూడోది పాసైనందుకు అని చెప్పాను. ఆయన నవ్వి సంతకం పెట్టాడు. మనుషుల్ని పరీక్షించే పని నా ఒక్కడిదే అనుకొని బయల్దేరినవాణ్ణి, ఆ మూడు ఊళ్లూ నన్ను ఎంత ఓపికగా పరీక్షించాయో తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రెండు నెలలకు మళ్లీ వెళ్తే, శంకర్ భీవండికని కట్టుకున్న మూటగుడ్డలో ఇప్పుడు నూలు చుట్టిన కండెలు నిండుగా ఉన్నాయి.

ఇలాంటి పని మీద ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఫైలు తర్వాత తెరవచ్చు, మొదటి దుకాణంలోనే చాయ్ తాగండి.